చూడగానే “మూడు!” అనేలా: చిన్నపిల్లల చూపు లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి జూన్‌లోనూ బడి గేటు దగ్గర ఇవే అనుమానాలు. “మా వాడికి వంద దాకా వచ్చు టీచర్” అని గర్వంగా చెప్పిన తల్లే రెండు వారాలు తిరక్కుండా “నాలుగు చెంచాలు తెమ్మంటే ఆరు తెస్తున్నాడు, ఏంటిది?” అని అడుగుతుంది. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను. పిల్లల వయసును బట్టి విడదీశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మొదటినుంచీ చదవక్కర్లేదు.

## మొదలుపెట్టేముందు

లెక్కపెట్టకుండా ఎన్ని ఉన్నాయో చెప్పడం అంటే ఏంటి? మెమరీ ట్రిక్కా?

కాదు. మీరు రోజూ చేస్తున్నదే. బల్ల మీద మూడు టీ గ్లాసులుంటే “ఒకటి, రెండు, మూడు” అని మనసులో అనుకోరు. చూడగానే మూడని తెలిసిపోతుంది. దీనికి 1949లో అమెరికా మనస్తత్వ పరిశోధకులు ‘సబిటైజింగ్’ అని పేరు పెట్టారు. ‘హఠాత్తుగా’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి తీసుకున్న పేరు అది. అంతకు చాలా ముందే, 1871లో, విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త తన మీద తానే పరీక్ష పెట్టుకున్నాడు. చిన్న పెట్టెలోకి నల్ల గింజలు గుప్పెడు విసిరి, ఒక్క చూపు చూసి ఎన్ని పడ్డాయో చెప్పి, తర్వాత లెక్క చూసుకునేవాడు. అలా వెయ్యిసార్లకు పైగా చేశాడు. మూడో నాలుగో పడినప్పుడు ఒక్కసారి కూడా తప్పలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి.

మన పెద్దవాళ్ల హద్దూ అక్కడే ఉంటుంది. నాలుగు దాటితే కన్ను ఆగి లెక్కపెట్టుకోవాలి, లేదా గుంపులుగా విడగొట్టుకోవాలి. చిన్నపిల్లలకు ఈ హద్దు ఇంకా ముందే వస్తుంది.

వంద దాకా గడగడా చెబుతుంది కదా, అది చాలదా?

గడగడా చెప్పడం శ్లోకం అప్పజెప్పడం లాంటిది. నోటికి రావడం మంచిదే, కాదనను. కానీ “మూడు” అనే మాటకూ ఎదురుగా ఉన్న మూడు బిస్కెట్లకూ ముడి పడాలి. ఆ ముడి చాలా నెమ్మదిగా పడుతుంది. రెండున్నరేళ్ల పాప పది దాకా చెప్పేసి, “మూడు ఇవ్వమ్మా” అంటే గుప్పెడు తీసి ఇస్తుంది. పిల్లలకు ముందు ‘ఒకటి’ మాత్రమే నిజంగా అర్థమవుతుంది. కొన్ని నెలలకు ‘రెండు’, మళ్లీ కొన్ని నెలలకు ‘మూడు’. ఈ మెట్లు ఎక్కడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. చూపుతో పట్టుకోవడం వస్తే మాటకు బొమ్మ దొరుకుతుంది: ‘మూడు’ అనగానే కళ్ల ముందు ఏదో కదలాలి.

పుట్టుకతోనే ఉంటుందంటారు, నిజమేనా? నెలల పాపకు చుక్కలు పెట్టిన కార్డులు చూపించాలా?

ఐదు నెలల పిల్లలతో కారెన్ విన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు చేసిన ప్రయోగం 1992లో అచ్చయింది. పాప ముందు ఒక బొమ్మ పెట్టి తెర అడ్డం వేస్తారు. పాప చూస్తుండగానే తెర వెనకకు ఇంకో బొమ్మ పెడతారు. తెర తీసేసరికి ఒక్కటే ఉంటే పాప ఎక్కువసేపు చూస్తుంది, ఏదో తేడాగా ఉందన్నట్టు. ఆ చూపుకి అర్థం ఏమిటన్న వాదనలు పరిశోధకుల్లో నడిచాయి. ఏమైనా, నెలల పాపకు చుక్కల కార్డులు వద్దు. ఆ వయసులో అమ్మ ముఖం కంటే మంచి కార్డు లేదు.

చుక్కల కార్డుల కిట్లు కొనాలా? ఆన్‌లైన్‌లో రెండు వేలు చెబుతున్నారు.

అక్కర్లేదు. ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖలు తీసుకోండి. వెనకవైపు తెల్లగా ఉంటే అరచేతి సైజులో కత్తిరించండి. చుక్కలకు స్టిక్కర్ బొట్టుబిళ్లలు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు ఉండాలి. రాళ్లు పొదిగిన ఫ్యాన్సీ బొట్టుబిళ్లలు వద్దు, పిల్లలు ఎన్ని ఉన్నాయో మానేసి మెరుపు చూస్తారు. ఒక ప్యాకెట్‌తో పది కార్డులవుతాయి.

## రెండు, మూడేళ్ల పిల్లలకు

మా పాపకు రెండేళ్లు నిండాయి. ఎన్నింటితో మొదలుపెట్టాలి?

రెండుతో. ఒంటి మీదే ఉన్నాయి కదా: రెండు చెవులు, రెండు కళ్లు, రెండు చెప్పులు. అడగకండి, చెప్పండి. “ఎన్ని చెప్పులు?” అని పరీక్ష పెట్టకుండా, తొడిగేటప్పుడు “రెండు చెప్పులు” అనండి. ఇడ్లీ పెడుతూ “రెండు ఇడ్లీలు”. ముందు మొత్తం పేరు చెప్పాలి, లెక్క తర్వాత. “ఒకటి, రెండు... రెండు ఇడ్లీలు” అని రోజూ ఒకే వరసలో చెబితే, ‘రెండు’ అనేది ఆ రెండో ఇడ్లీ పేరనుకునే పిల్లలున్నారు. నవ్వులాటకు అనడం లేదు. ఒక బాబు రెండో ఇడ్లీ తినేశాక ప్లేటు చూపించి “రెండు అయిపోయింది, ఒకటి ఉంది” అన్నాడు. వాడి లెక్కలో తప్పేమీ లేదు, మనం చెప్పిన తీరులోనే ఉంది.

ఆర్నెల్లలోపు మూడుకి వెళ్లాలన్న తొందర వద్దు.

ఏమి చూపించినా “నాలుగు” అంటాడు. రెండుకీ నాలుగే, పదికీ నాలుగే. ఎలా మాన్పించాలి?

వాడి భాషలో ‘నాలుగు’ అంటే ‘చాలా’ అని. చాలామంది పిల్లలు ఏదో ఒక సంఖ్యకి ఆ అర్థం కట్టేస్తారు. తప్పు అనకుండా, పక్కపక్కన పెట్టి చూపించండి. ఒక గిన్నెలో రెండు టమాటాలు, ఇంకో గిన్నెలో మూడు. “ఇవి రెండు. ఇవి రెండు కాదు.” అంతే చెప్పి ఆగండి. ఏది రెండో చెప్పినంత బాగా, ఏది రెండు కాదో చెప్పడమూ పనిచేస్తుంది.

వస్తువులకు “రెండు” అంటుంది, మనుషులకీ “రెండు అక్కలు” అంటుంది. సరిదిద్దాలా?

మన భాషలో పిల్లలకు ఈ అదనపు పని ఉంది. చెప్పులైతే రెండు, అక్కలైతే ఇద్దరు. మామిడికాయలైతే మూడు, మామయ్యలైతే ముగ్గురు. ఒకే సంఖ్యకి రెండు పేర్లు. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు ఈ బాధ లేదు. సరిదిద్దకండి, సరైన మాట మీరు తిరిగి అనండి: “అవును, ఇద్దరు అక్కలు” అని రెండు వేళ్లు చూపించండి. వేళ్లు రెండు పేర్లకీ ఒకే బొమ్మ అవుతాయి. మాట తర్వాత దానంతటదే సర్దుకుంటుంది.

చింతపిక్కలు, శనగలు ఇవ్వొచ్చా? మా ఇంట్లో అవే ఉన్నాయి.

మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దు. నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. శనగ ముక్కులో నాని ఉబ్బితే ఆసుపత్రికి పరుగే. పూసలు, గోళీలు, బటన్ సెల్స్ కూడా దూరంగా ఉంచండి. బటన్ సెల్ మింగితే లోపల కాలిపోతుంది, చాలా ప్రమాదం. చెంచాలు, చిన్న గ్లాసులు, నిమ్మకాయలు, సాక్సులు వాడండి. గుప్పెట్లో పట్టాలి, నోట్లో పట్టకూడదు. నాలుగేళ్ల పిల్లలకైనా చింతపిక్కలిస్తే పక్కనే కూర్చోండి.

## మూడు, నాలుగేళ్ల పిల్లలకు

కార్డు ఎంతసేపు చూపించాలి?

రెండు సెకన్లు. చూపించి మూసేయండి. ఎక్కువసేపు ఉంచితే పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెడతారు, అప్పుడు అది వేరే ఆట అయిపోతుంది. చూపించేముందు “చూస్తున్నావా?” అని ఒక్కమాట అనండి. కళ్లు మీ వైపు లేకుండా కార్డు తిప్పితే పాపం వాడి తప్పేమీ లేదు. తెలియలేదంటే మళ్లీ చూపించండి, ఈసారి కొంచెం ఎక్కువసేపు. రోజుకి ఐదు నిమిషాలు చాలు. పిల్ల ఇంకా అడుగుతుండగానే ఆపేస్తే మర్నాడు తనే కార్డులు తెస్తుంది.

చుక్కలు ఎలా పేర్చాలి? పాచిక మీద ఉన్నట్టే పెట్టాలా?

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. మొదటి ఏడాది కార్డులన్నీ పాచిక మీద ఉన్నట్టే చేశాను. ఐదంటే నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. నెల తిరిగేసరికి పిల్లలందరూ ఠక్కున చెప్పేవారు. నేను పొంగిపోయాను. ఒకరోజు బల్ల మీద ఐదు సీసా మూతలు వరసగా పేర్చి “ఎన్ని?” అన్నాను. ఒక అమ్మాయి చాలాసేపు చూసి, “ఐదు కాదు టీచర్. ఐదుకి మధ్యలో ఉంటుంది” అంది. ఆ పిల్ల నేర్చుకున్నది ఐదు కాదు, ఒక ముగ్గు.

అందుకని ఒక్కో సంఖ్యకి కనీసం నాలుగు రకాల కార్డులు చేయండి. మూడుకి: వరసగా ఒకటి, ముక్కోణంలా ఒకటి, ఏటవాలుగా ఒకటి, పైన రెండు కింద ఒకటిగా ఇంకోటి. అన్నిటికంటే సులువు జతలుగా, వరసలుగా పేర్చినవి. ఆ తర్వాత పాచిక తీరు. గుండ్రంగా పేర్చినవి కష్టం, ఎక్కడ మొదలైందో కన్నుకు పట్టు దొరకదు. చెల్లాచెదురుగా ఉన్నవి మరీ కష్టం. సులువైన వాటితో మొదలుపెట్టి, పిల్లలకు ధీమా వచ్చాక చెదరగొట్టండి.

చుక్కల సైజు తేడా ఉంటే ఏమైనా అవుతుందా?

మొదట్లో అన్నీ ఒకటే ఉండాలి. కొన్నాళ్లకు కావాలనే మార్చండి: మూడు పెద్ద చుక్కల పక్కన నాలుగు చిన్నవి. చాలామంది పెద్దవే ఎక్కువ అంటారు. ఎన్ని ఉన్నాయన్నది వేరు, ఎంత చోటు ఆక్రమించాయన్నది వేరు అని అప్పుడే తెలుస్తుంది. మూడు గుమ్మడికాయలు, నాలుగు నిమ్మకాయలు పెట్టినా ఇదే పాఠం, పైగా నవ్వుతారు.

కార్డు చూపిస్తే గాల్లో వేలు ఆడిస్తూ లెక్కపెడుతున్నాడు. ఆపమనాలా?

వద్దు. లెక్కపెట్టడం నేరం కాదు. రెండూ కావాలి. చూపుతో ‘మూడు’ అన్నాక లెక్కపెట్టి చూసుకుంటే, లెక్క చివర వచ్చే మాటే మొత్తం అని వాడికి తెలిసొస్తుంది. మీరు చేయాల్సిందల్లా సంఖ్య తగ్గించడం. నాలుగు చుక్కలకు వేలు లేస్తోందంటే నాలుగు ఇంకా పెద్దది. ఒక వారం రెండు, మూడుతోనే ఆడండి.

కార్డులు తీస్తే పారిపోతుంది. ఇంట్లో మామూలుగా ఎలా చేయాలి?

వంటగదిలోకి పిలవండి. మా ఇంటి ఇడ్లీ రేకుకి నాలుగు గుంటలు. ఒకటి తీసేస్తే ఏం మిగిలిందో అడగక్కర్లేదు, ఖాళీ గుంట చెబుతుంది. గుంత పొంగణాల పెనానికి ఏడు గుంటలుంటే ఇంకా బాగు: మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. కోడిగుడ్ల అట్ట మీద ఆరేసి గుడ్లు ఐదు వరసలు. పూర్తి అట్ట చిన్నపిల్లలకు ఎక్కువ, ఒక మూల కత్తిరించి ఆరు గుంటల ముక్క ఇవ్వండి. మూడు గుడ్లు పెట్టి గిన్నె బోర్లించి, ఎత్తి, మళ్లీ మూసి, “ఎన్ని చూశావ్?”

కుక్కర్ విజిల్స్ కూడా ఆటే. కాకపోతే అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి చెవితో గుర్తుపెట్టుకునే లెక్క అవుతుంది. చప్పట్లు కూడా అంతే: టపటప అంటే రెండు, టపటపటప అంటే మూడు. కళ్లకు కార్డులు విసుగొచ్చిన రోజు పనికొస్తుంది.

సంక్రాంతి ముగ్గుల్లో చుక్కలు పెడతాం కదా, అది కూడా ఇలాంటిదేనా?

చిన్న ముగ్గయితే అవును. “ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు” అన్నప్పుడు చేయి ఆగకుండా పెట్టేవాళ్లు ఒక్కో చుక్కనీ లెక్కపెట్టరు. వరస ఆకారాన్ని పట్టుకుంటారు. పిల్లలకు అంతొద్దు. మూడు చుక్కలు, కింద సందులో రెండు, దాని కింద ఒకటి. నాలుగేళ్ల పిల్లకు సుద్దముక్క ఇచ్చి ఇది పెట్టమనండి. చేత్తో పెట్టిన ఆకారం కంటికి బాగా గుర్తుంటుంది.

## నాలుగున్నర నుంచి ఆరేళ్ల దాకా

ఐదు దాటాక చూడగానే చెప్పలేకపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

ఎక్కడా కాదు. ఏడుని ఏడుగా ఒక్క చూపులో పట్టుకునే కన్ను ఎవరికీ లేదు. పెద్దవాళ్లు కూడా నాలుగు, మూడుగా విడగొట్టి చూస్తారు. అది మెరుపులా జరిగిపోవడంతో మనకు తెలియదు. డగ్లస్ క్లెమెంట్స్ అనే గణిత విద్యా పరిశోధకుడు ఈ రెండిటినీ వేరు చేసి చెప్పాడు: చిన్న సంఖ్యని నేరుగా చూడటం ఒకటి, పెద్దదాన్ని ముక్కలుగా చూసి కలుపుకోవడం ఇంకొకటి. మొదటిది చాలావరకు దానంతటదే వస్తుంది. రెండోది నేర్పాలి.

నేర్పడం అంటే, “ఎన్ని?” అన్న ప్రశ్న పక్కన పెట్టి “నీకెలా కనిపించింది?” అని అడగడం. ఒకసారి ఏడు చుక్కల కార్డు చూపించి మూశాను. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు.

“పైన రెండు, మధ్యలో మూడు, కింద రెండు” అన్నాడొకడు.

“ఇటు మూడు, అటు మూడు, ఒకటి మిగిలింది” అంది పక్కనున్న పాప.

మూడో పిల్ల చేయి ఎత్తలేదు, అరిచేసింది: “మా అమ్మమ్మ పొంగణాల పెనం!”

ముగ్గురివీ సరైన జవాబులే. మూడో పిల్లను “అంటే ఎన్ని?” అని అడగగానే “ఏడు” అంది, ఆలోచించకుండా. వాళ్లలో ఎవరూ ఇంకా కూడిక గుర్తు చూడలేదు.

‘పది గళ్ల పట్టిక’ అంటున్నారు, అదేంటి? ఎలా చేయాలి?

ఐదేసి గళ్లు, రెండు వరసలు. అంతే. పై వరస నిండాకే కింది వరస మొదలుపెట్టాలి, ఎడమ నుంచి కుడికి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఆరు ఎప్పుడూ ‘ఐదూ ఒకటీ’, ఎనిమిది ఎప్పుడూ ‘ఐదూ మూడూ’గా కనిపిస్తాయి. ఖాళీ గళ్లు కూడా మాట్లాడతాయి: ఎనిమిది పెడితే రెండు ఖాళీ, అంటే పదికి రెండు తక్కువ. ఐదేళ్లు రాకముందు ఒక్క వరస, ఐదు గళ్లదే వాడండి.

పది మాత్రల స్ట్రిప్పు అచ్చం ఇలాగే ఉంటుంది కదా, అదే ఇవ్వొచ్చా అని కొందరు అడుగుతారు. దయచేసి వద్దు. మాత్రలు ఆటవస్తువులని పిల్లలకు అనిపించకూడదు. పైగా రేకు అంచు వేళ్లు కోస్తుంది. అట్ట మీద స్కేలుతో గీతలు గీయండి, రెండు నిమిషాల పని.

వేళ్లు మడిచి లెక్కపెట్టే అలవాటు చెడ్డదంటారు. నిజమా?

నా మట్టుకు నాకు వేళ్లంటే ఇష్టం. ఎప్పుడూ వెంట ఉండే పది గళ్లు అవి. కాకపోతే ఒక్కొక్కటిగా విప్పడం కాకుండా, ఒక్కసారిగా చూపించడం నేర్పండి. “నాలుగు!” అంటే నాలుగు వేళ్లు ఒకేసారి లేవాలి. “ఏడు!” అంటే ఒక చేయి మొత్తం, రెండో చేతి నుంచి రెండు. ఒక చేతిలో ఐదున్నాయని ప్రతిసారీ మళ్లీ లెక్కపెట్టుకుంటోందంటే మాత్రం ఆ ఐదు మీద ఇంకొన్నాళ్లు ఆడాలి.

మన పాత ఆటల్లో ఏవైనా పనికొస్తాయా?

కొన్ని ఆటలు దీనికోసమే పుట్టాయేమో అనిపిస్తుంది. అష్టాచెమ్మా తీసుకోండి. నాలుగు గవ్వలు వేస్తాం, లేదా ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీసిన చింతపిక్కలు. వెల్లకిలా పడినవెన్నో ఒక్క చూపులో చెప్పాలి, లేకపోతే పక్కవాళ్లు ఊరుకోరు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. బోర్లా పడినవాటికి ఎనిమిది ఎందుకన్నది ఐదేళ్లవాడికి అంతుబట్టదు, ఆటలో అది నియమం అని చెప్పేయండి. గవ్వలు ప్రతిసారీ చెల్లాచెదురుగా పడతాయి కాబట్టి ఆకారాన్ని బట్టీపట్టే వీలుండదు. నా శుభలేఖ కార్డులకు లేని గుణం అదే.

ఐదు రాళ్ల అచ్చంగాయలు ఇంకో అడుగు ముందుకేస్తాయి. ఒకటి పైకి ఎగరేస్తే కింద నాలుగు మిగులుతాయి. ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒకేసారి. నాలుగుని ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో చేతులకు తెలిసిపోతుంది. ఎగరేసి పట్టడం ఆరేళ్ల లోపు కష్టం. ఎగరేయకుండా ఏరుకునే ఆటగా ఆడించండి.

వైకుంఠపాళికి పాచిక వాడతాం కదా, అదీ మంచిదే. పాచికకు ఎదురెదురు ముఖాలు కలిపితే ఎప్పుడూ ఏడే. పైన మూడుంటే అడుగున నాలుగు. ఎత్తి చూపిస్తే పిల్లలకు ఇంద్రజాలంలా ఉంటుంది.

పాత రోజుల్లో మామిడికాయలు పుంజీల లెక్కన ఏరేవారు. పుంజీ అంటే నాలుగు. చేతికి రెండు చొప్పున రెండు చేతులతో తీసి బుట్టలో వేస్తే ఒక పుంజీ. కన్ను సుఖంగా పట్టుకునే సంఖ్యతోనే ఆ లెక్క సాగింది. ఇంట్లో తాతగారుంటే, నిమ్మకాయలు పోసి పుంజీలు కట్టమనండి. మనవడికి లెక్క, తాతకు కాలక్షేపం.

తెలుగులో చెప్పాలా, ఇంగ్లిష్‌లో చెప్పాలా? బడిలో వన్, టూ అంటారు.

మూడు చుక్కలకు భాష లేదు. మీ ఇంట్లో ఏది ఎక్కువ మాట్లాడితే అందులో మొదలుపెట్టండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది పైపేరులా అతుక్కుంటుంది. కాకపోతే ఒకే కార్డుకి ఒకే ఊపిరిలో “మూడు, త్రీ” అని రెండూ చెప్పడం మూడేళ్ల పిల్లలకు గజిబిజి.

పది దాటాక మాత్రం తెలుగుకి ఒక సుఖం ఉంది. పదమూడు అంటే పది, మూడు. వినగానే ముక్కలు కనబడతాయి. పదకొండు, పన్నెండు కూడా కొంచెం తడిమితే దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో ఇలెవన్, ట్వెల్వ్‌లో పది ఎక్కడుందో వినబడదు, థర్టీన్‌లో మూడు ముందొచ్చి పది వెనకబడుతుంది. పది గళ్ల పట్టిక నింపి, పక్కన ఇంకో మూడు పెట్టి “పదమూడు” అనండి. పేరూ బొమ్మా ఒకటే అయిపోతాయి.

చుక్కలు వస్తున్నాయి. 1, 2, 3 అంకెలు ఎప్పుడు కలపాలి?

చుక్కలు చూసి మూడు దాకా తడబడకుండా చెబుతున్నప్పుడు. చుక్కల కార్డు పక్కన అంకె కార్డు పెట్టి జత కలపమనండి. రాయించడం వేరే పని, దానికి వేళ్లలో బలం కావాలి. అశోకుడి కాలం తర్వాతి బ్రాహ్మీ శాసనాల్లో ఒకటి, రెండు, మూడు అంకెలు వరసగా ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలే. నాలుగు దగ్గరికొచ్చేసరికి గీతలు వదిలేసి గుర్తు మార్చేశారు. ఆ గీతలే అరిగి, మెలితిరిగి మన ౧, ౨, ౩ అయ్యాయి. నాలుగేళ్ల పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు, మీకు బాగుంటుందని రాశాను.

## బడిలో, ఒకటో తరగతిలో

దీనివల్ల కూడికలు ఎలా వస్తాయి?

ఎనిమిదికి ఐదు కలపాలి. చూపు లెక్క లేని పిల్ల ఎనిమిది నుంచి వేళ్లు విప్పుతూ “తొమ్మిది, పది, పదకొండు...” అని ఎక్కుతుంది, మధ్యలో ఒక వేలు జారితే జవాబు పన్నెండు. పది గళ్ల పట్టిక కళ్లలో ఉన్న పిల్లకు ఎనిమిది పక్కన రెండు ఖాళీలు కనిపిస్తాయి. ఐదులోంచి రెండు ఇచ్చి అవి నింపేస్తుంది. మిగిలింది మూడు. పదమూడు. తీసివేతలోనూ అంతే.

తరగతిలో ముప్ఫై మంది. ఒక్కొక్కరికీ కార్డు చూపించే టైమ్ ఎక్కడిది?

అన్నం తినే స్టీలు ప్లేటు, ఐదు సీసా మూతలు, ఒక తువ్వాలు. ప్లేటులో మూతలు పెట్టి, తువ్వాలు ఎత్తి, “పులి, ఏనుగు” అనేంతసేపు ఉంచి కప్పేయండి. ఎవరూ నోటితో చెప్పకూడదు. వేళ్లు గుండెకు ఆనించి చూపించాలి. నోటితో చెప్పిస్తే ముందు బెంచీలో ఇద్దరే సమాధానం చెబుతారు, మిగతావాళ్లు వాళ్లనే కాపీ కొడతారు. గుండె దగ్గర వేళ్లయితే ముప్ఫై జవాబులూ ఒకేసారి మీకు కనిపిస్తాయి. హాజరు తీసుకున్నాక రోజూ మూడు నిమిషాలు చాలు.

ప్రభుత్వ కార్యక్రమాల్లో ఇది ఉందా, మీరే కొత్తగా పెట్టారా?

2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలో పెట్టుకున్న గురి, మూడో తరగతి చివరికల్లా పిల్లలందరికీ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలని. ఒకటో తరగతికి ముందుండే బాలవాటికలో 10 దాకా, ఒకటో తరగతిలో 99 దాకా సంఖ్యలు రావాలి. ఆ దారిలో చుక్కల కార్డులు ఒక పనిముట్టు. ఇంగ్లాండులో అయితే 2021 సెప్టెంబర్ నుంచి రిసెప్షన్ క్లాసు (ఒకటో తరగతికి ముందు ఏడాది) చివరికి ఐదు దాకా లెక్కపెట్టకుండా గుర్తించాలని నేరుగా రాసే పెట్టారు. అక్కడున్న మన వాళ్లకు టీచరు పంపే నోట్‌లో ‘సబిటైజ్’ అన్న మాట కనబడేది అందుకే.

ఫోన్‌లో యాప్ ఉంది, చుక్కలు మెరిసి మాయమవుతాయి. అది చాలదా?

రోజుకి ఐదు నిమిషాలు మీరు పక్కన కూర్చుంటే సరే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు మొత్తం స్క్రీన్ టైమ్ గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. యాప్‌తో నాకున్న పేచీ వేరు. అది “కరెక్ట్!” అని చప్పట్లు కొడుతుంది గానీ “నీకెలా కనిపించింది?” అని అడగదు.

## ఆగిపోయినట్టు అనిపించినప్పుడు

నిన్న నాలుగు చక్కగా చెప్పింది, ఇవాళ రాదు. మర్చిపోయిందా?

నిద్ర సరిపోకపోయినా, జలుబు చేసినా, పక్కింటి పిల్లలు ఆడుతున్న గోల వినబడుతున్నా ఇలాగే ఉంటుంది. వారం చూడండి, రోజుని బట్టి చూడకండి.

వాళ్ల అక్క ఈ వయసుకి ఆరు దాకా చెప్పేది. వీడు మూడు దగ్గరే ఉన్నాడు. టెన్షన్‌గా ఉంది.

నాలుగేళ్ల లోపు అయితే టెన్షన్ వద్దు. మూడేళ్లకు మూడు, నాలుగేళ్లకు నాలుగు, ఐదేళ్లకు ఐదు అనేది గుర్తుపెట్టుకోవడానికి సులువైన అంచనా మాత్రమే. అటూ ఇటూ ఏడాది తేడా మామూలే. అక్కతో పోల్చిన మాట వాడి ముందు అనకండి, కార్డు చూస్తేనే ముఖం తిప్పేసుకుంటాడు.

ఒకటో తరగతి అయిపోతోంది. మూడు చుక్కలని కూడా ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. ఎవరికి చూపించాలి?

ముందు కళ్లు పరీక్ష చేయించండి. దూరపు చూపు సరిగ్గా లేని పిల్లలు బోర్డు మీద చుక్కలు కలిసిపోయి కనిపిస్తాయని చెప్పలేరు, ‘రాదు’ అని ఊరుకుంటారు. చూపు బాగానే ఉండి, కొన్ని నెలలు ఆడించినా మార్పు లేకపోతే, రోజువారీ మాటలు, ఆటలు కూడా తోటివాళ్ల కంటే బాగా వెనకబడితే, పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, అక్కడ ఖర్చు ఉండదు. లెక్కల్లో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందా లేదా అన్నది ఆ నిపుణులు తేల్చాలి, నేనో యూట్యూబ్ వీడియోనో కాదు.

మనవరాలు డల్లాస్‌లో ఉంది. ఆదివారం వీడియో కాల్‌లో ఏమైనా ఆడించొచ్చా?

భేషుగ్గా. కెమెరాకు అరచేయి అడ్డం పెట్టండి. వెనక మూడు బిస్కెట్లు. చేయి తీసి, రెండు సెకన్లు ఉంచి, మళ్లీ మూయండి. “ఎన్నమ్మా?” తర్వాత తన వంతు: తను దాచాలి, మీరు చెప్పాలి. మధ్యలో ఒకసారి మీరు కావాలనే తప్పు చెప్పండి. నాలుగుంటే “మూడు” అనండి. “కాదు అమ్మమ్మా, నాలుగు! ఇటు రెండు, అటు రెండు, చూడు!” అని తనే కెమెరా దగ్గరికి తెచ్చి చూపిస్తుంది. మీరు మూడోసారి కూడా తప్పు చెబితే మాత్రం పట్టేస్తుంది.